అలమారా తలుపు మీద బొమ్మ

ఆటల టీచరమ్మకు ఉత్తరాలు

*టీచర్ గారికి నమస్కారం. మాది పాలకొల్లు. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, అప్పుడే అయిదడుగుల తొమ్మిదంగుళాలుంది. ఏడాది నుంచి బాస్కెట్‌బాల్ పిచ్చి. బ్రిట్నీ గ్రైనర్ అని అమెరికా ప్లేయరు బొమ్మ ఒకటి తెచ్చి బట్టల అలమారా తలుపుకి అంటించుకుంది. సంక్రాంతికి వచ్చిన మా బావగారు అది చూసి, "ఇది జైలుకెళ్లొచ్చిన మనిషి, గంజాయి కేసు. ఇంట్లో మనిషిని కొట్టిన కేసు కూడా ఉంది. ముందది పీకి పారెయ్" అన్నారు. పిల్ల రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బొమ్మ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?*
– ఓ తల్లి, పాలకొల్లు

అమ్మా, ముందు పిల్లకి అన్నం పెట్టండి. ఎదిగే ఒళ్లు, పైగా రోజూ పరుగులు. రెండు పూటలు మానేస్తే మోకాళ్లు చెప్తాయి.

మీ బావగారు చెప్పినదాంట్లో అబద్ధం లేదండి. కాకపోతే సగం చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయారు. మిగతా సగం నేను చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

బాస్కెట్‌బాల్ రింగు నేల మీంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో పీఈటీగా చేశాను. ఆ రింగుకి చెయ్యి తగిలిన పిల్లని ఒక్కర్తిని చూడలేదు. ఎగిరి నెట్టు కొస ముట్టుకుంటేనే ఆ పిల్ల వారం రోజులు నేల మీద నడిచేది కాదు. గ్రైనర్ ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో 1990లో పుట్టింది. బేలర్ యూనివర్సిటీలో చేరాక 2011-12 సీజన్లో వాళ్ల జట్టు 40 ఆటలు ఆడితే 40కి 40 గెలిచింది. నాలుగేళ్లలో ఎదుటివాళ్లు వేసిన 748 బంతులు బ్లాక్ చేసింది. 2013లో డబ్ల్యూఎన్‌బీఏ, అంటే అమెరికా ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ లీగు, డ్రాఫ్టులో (జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే రోజన్నమాట) మొట్టమొదట పిలిచింది ఆవిడ పేరే. ఫీనిక్స్ మెర్క్యురీ జట్టు తీసుకుంది. తొలి ఆటలోనే బంతిని రెండుసార్లు రింగులోకి చేత్తో గుద్దింది, డంక్ అంటారు దాన్ని. లీగు మొదలైన 1997 నుంచి అప్పటిదాకా ఆ పని చేసిన ఆడవాళ్లు ఇద్దరే. 2014లో ఆ జట్టుకి కప్పు. 2016 రియో, తర్వాత టోక్యో, 2024 పారిస్, మూడు ఒలింపిక్స్‌లోనూ బంగారు పతకం.

ఇక కేసు సంగతి. 2022 ఫిబ్రవరి 17న మాస్కో దగ్గర షెరెమెత్యెవో విమానాశ్రయంలో ఆవిడ సామాన్లో గంజాయి నూనె ఉన్న చిన్న గొట్టాలు దొరికాయి. నూనె అంతా కలిపి గ్రాము కూడా లేదు, 0.7 గ్రాములు. ఆవిడ అప్పట్లో ఉండే అరిజోనా రాష్ట్రంలో నొప్పులకి డాక్టరు కాగితం మీద అది వాడుకోవచ్చు. రష్యాలో నేరం. హడావిడిగా సర్దుకుంటూ చూసుకోలేదంది, జులైలో కోర్టులో తప్పు ఒప్పుకుంది. ఆగస్టు 4న తొమ్మిదేళ్ల జైలు, పది లక్షల రూబుళ్ల జరిమానా వేశారు.

మన కోనసీమ నుంచి దుబాయ్ వెళ్లేవాళ్ల పెట్టె సర్దేటప్పుడు ఇంట్లో పెద్దావిడ ఒక మాట అంటుంది, విన్నారా? "మసాలాలో గసగసాలు కలిపారేమో చూడండ్రా" అని. మనకి కోడికూరలో పడే గసగసాలు అక్కడ మత్తు మందు లెక్క. అమాయకంగా తీసుకెళ్లి చిక్కుకున్నవాళ్లున్నారు. గసగసాలూ గంజాయి నూనె ఒకటే అనడం లేదండోయ్. ఆవిడ ఏళ్ల తరబడి ఆ దేశానికి వెళ్లొస్తున్న మనిషి, చూసుకోవాల్సింది. అజాగ్రత్త ఆవిడదే. కానీ అజాగ్రత్తకి తొమ్మిదేళ్లా? ఆవిడ్ని పట్టుకున్న వారానికి, ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్ మీదకి సైన్యాన్ని దింపింది. ఆ తర్వాత ఆ గొట్టాల బరువు గ్రాముల్లో తూచే పరిస్థితి లేదు.

రష్యాలోనే మోర్దోవియా అనే చోట ఆడవాళ్ల జైలు శిబిరానికి పంపారు. అక్కడ కుట్టుమిషన్ల మీద యూనిఫారాలు కుట్టే పని. చలికి తడి ఆరక గడ్డకడుతున్నాయని, పెంచుకున్న జడలు కత్తిరించేసుకుంది. ఆడపిల్ల తల్లి కదా మీరు, ఈ ఒక్క ముక్కా మీ బావగారికి చెప్పి చూడండి. డిసెంబరు 8న అబుదాబి ఎయిర్‌పోర్టులో విడిచిపెట్టారు.

ఆ కొట్టిన కేసు గురించి కింద ఇంకో ఉత్తరానికి జవాబులో రాశాను. అది దాటేసే విషయం కాదు. బొమ్మ మాత్రం ఉండనివ్వండి. పిల్లకి ఇదంతా చదివి వినిపించండి. బొమ్మ తీసేదీ ఉంచేదీ విన్నాక దాన్నే తేల్చుకోమనండి.

*టీచర్ గారూ, మాది మలికిపురం దగ్గర. డిగ్రీ సెకండియర్. అంత పెద్ద ప్లేయరయ్యి ఉండి యుద్ధం వచ్చే టైములో రష్యా ఎందుకెళ్లింది, డబ్బాశ కాకపోతే, అంటున్నారు మా క్లాసు అబ్బాయిలు. నేనేం జవాబు చెప్పాలి? మా అమ్మ కువైట్‌లో ఇంటి పనికి వెళ్లి ఆరేళ్లయింది. ఇది మీకెందుకు రాస్తున్నానో నాకూ తెలీదు.*
– ఓ విద్యార్థిని

ఎందుకు రాశావో నాకు తెలుసు తల్లీ. జవాబు నీ ఉత్తరంలోనే పెట్టి పంపించావు.

డబ్ల్యూఎన్‌బీఏలో 2022లో ఎంత గొప్ప ప్లేయరుకైనా ఏడాదికి ఇచ్చే గరిష్ఠ జీతం 2 లక్షల 28 వేల డాలర్లు. మన లెక్కలో పెద్ద మొత్తమే, కాదనను. కానీ అదే ఆట, అదే దేశం, అదే 10 అడుగుల రింగు. మగవాళ్ల లీగులో ఏడాదంతా బెంచీ మీద కూర్చుని తువ్వాలు ఊపే కొత్త కుర్రాడికి అప్పటికే 9 లక్షల డాలర్ల పైన ముట్టేది. ఆడవాళ్ల సీజన్ మే నుంచి అక్టోబరు దాకా. ఆ తర్వాత చలికాలమంతా ఖాళీ. అందుకని చాలామంది టర్కీ, చైనా, రష్యా వెళ్లి ఆడేవాళ్లు. గ్రైనర్ మొదట చైనాలో ఆడింది, తర్వాత రష్యాలో ఉరల్ కొండల దగ్గర ఎకాటెరిన్‌బర్గ్ అనే ఊరి జట్టుకి ఏడాదేడాదీ వెళ్లొచ్చేది. రాగి గనుల కంపెనీ వెనకుండి నడిపే జట్టది. అక్కడ సీజనుకి పది లక్షల డాలర్ల పైనే ఇచ్చేవారని పేరు.

ఇంకో సంగతి విను. ఫీనిక్స్‌లోనే ఆడిన డయానా టొరాసీ అని ఉంది. ఆ లీగు చరిత్రలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టిన మనిషి. 2015లో ఆ రష్యా జట్టువాళ్లు ఆవిడకి డబ్బిచ్చి, "ఈ వేసవికి మీ దేశంలో ఆడకు, విశ్రాంతి తీసుకో, చలికాలానికి ఒళ్లు మాకు కావాలి" అన్నారు. ఆవిడ సరేనంది. సొంత దేశంలో ఆడితే వచ్చేదానికన్నా మానేస్తే వచ్చేది ఎక్కువ!

మా నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లని చూస్తూ పెరిగాను నేను. మా మేనత్త అరుగు మీద కూర్చుని మధ్యాహ్నమంతా క్రోషా సూదితో అల్లేది. దారపు కండెల లెక్కన కూలి. ఆ బల్లగుడ్డ ఓడెక్కి ఏ దేశంలో ఎంతకి అమ్ముడుపోతుందో ఆవిడకి ఎన్నడూ తెలీదు. చేతిలో పని ఉన్నా ఉన్న ఊళ్లో దానికి ధర లేకపోతే మనుషులు ధర ఉన్న చోటికి వెళ్తారు. మీ అమ్మ వెళ్లింది. గ్రైనర్ వెళ్లింది. మీ క్లాసు అబ్బాయిల్లో ఎంతమంది ఇళ్లకి నెలనెలా మస్కట్ నుంచో దోహా నుంచో డబ్బొస్తుందో ఓసారి అడుగు. వాళ్లనీ ఆశపోతులంటారేమో చూద్దాం.

మన ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ అంటే రైల్వేలో ఉద్యోగం అన్నమాటే ఇన్నాళ్లూ. కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్ సదరన్ రైల్వేలో చేస్తూనే ఆస్ట్రేలియా క్లబ్బుకి ఆడింది. 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ట్రయల్స్‌కి కూడా పిలిచాయి. జట్టులోకి తీసుకోలేదు. అయినా వెళ్లి ఆ కోర్టు మీద పరిగెత్తి వచ్చింది కదా, నాకు అదే చాలా గొప్పగా ఉంటుంది.

మీ అమ్మ ఈసారి ఫోన్ చేసినప్పుడు నేను అడిగానని చెప్పు.

*ఆ ఎత్తు, ఆ గొంతు. అసలావిడ ఆడమనిషేనా?*
– భీమవరం కుర్రాడు

బాబూ, ఆ ప్రశ్న ఆవిడని చిన్నప్పట్నుంచి అడుగుతూనే ఉన్నారు. బడిలో పిల్లలు ఒంటి మీద చేతులేసి మరీ వెక్కిరించారట. నువ్వు కొత్తగా కనిపెట్టిందేం లేదు. నాకు అయిదడుగుల రెండంగుళాలే, గొంతు మాత్రం గ్రౌండు అవతల కాలవ గట్టుదాకా వినిపించేది. నన్నూ అన్నారు.

*నేను రిటైర్డు బ్యాంకు ఉద్యోగిని, తణుకు. ఒక ఆటగత్తె కోసం ఆయుధాల వ్యాపారిని వదిలిపెట్టడం న్యాయమా? మామూలు మనిషైతే పట్టించుకునేవారా?*

ఈ రెండో ప్రశ్న మీద నేనూ మీ పక్షమే మాస్టారూ. గ్రైనర్‌కి బదులుగా అమెరికా రష్యాకి వదిలింది విక్టర్ బూట్‌ని. అమెరికాలో 25 ఏళ్ల శిక్ష పడి లోపల ఉన్నవాడు, మృత్యు వ్యాపారి అని పేరు పడ్డవాడు. ఆ ఒప్పందంలో పాల్ వీలన్ అనే మాజీ సైనికుడు కూడా వస్తాడనుకున్నారు, రాలేదు. 2018 నుంచి లోపలున్న మనిషి, 2024 ఆగస్టుకి గానీ బయటపడలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకాయన. మార్క్ ఫోగెల్ అని ఓ బడిపంతులు. మాస్కోలో పిల్లలకి చరిత్ర చెప్పేవాడు. 2021 ఆగస్టులో అదే షెరెమెత్యెవోలో, నడుము నొప్పికి వాడే గంజాయితో దొరికాడు. ఆవిడకి తొమ్మిదేళ్లు పడితే ఆయనకి పద్నాలుగు. ఇంటికి చేరింది 2025 ఫిబ్రవరిలో. మూడున్నరేళ్లు! పంతులు కోసం స్టేడియంలో బ్యానర్లు కట్టేవాళ్లెవరండీ?

అయితే ఆ కోపం గ్రైనర్ మీద చూపించడం మాత్రం నాకు నచ్చదు. లోపలున్న మనిషి, "నన్ను కాదు, ఆయన్ని ముందు పంపండి" అని తలుపు దగ్గర ఆగుతుందా? బయటికొచ్చాక మిగిలినవాళ్లని విడిపించమని మాట్లాడుతూనే ఉంది. ఆవిడ తిరిగి ఆడిన మొదటి ఏడాది, 2023 జూన్‌లో, డల్లాస్ ఎయిర్‌పోర్టులో ఒకడు కెమెరా పట్టుకుని వెంటపడి ఇదే విషయం మీద అరిచాడు. జట్టు పిల్లలు బెదిరిపోయారు. అప్పటిదాకా ఆ లీగు ఆడవాళ్లు ఎక్కువగా మామూలు విమానాల్లోనే తిరిగేవాళ్లు. మరుసటి ఏడాదికి అన్ని జట్లకీ ప్రత్యేక విమానాలొచ్చాయి.

2020లో మ్యాచికి ముందు జాతీయ గీతం పెట్టక్కర్లేదంది ఈవిడే. పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఒక నల్లజాతి అమ్మాయి కోసం ఆ సీజన్ అంతా నిరసన జరుగుతున్న రోజులవి. అందుకే, ఈవిడ జైల్లో పడినప్పుడు "ఇప్పుడు గీతం పాడుకో" అన్నవాళ్లు చాలామంది. పారిస్‌లో మెడలో పతకంతో అదే గీతం వింటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. మనుషులు ఒకేచోట నిలబడిపోరు కదండీ.

*రింగుకి నెట్టు ఎక్కడ దొరుకుతుందండీ? కొన్నది మూడు నెలలకే చిరిగిపోతోంది.*
– యువజన సంఘం, అంతర్వేది దగ్గర

అంతర్వేదిలో ఉండి నన్నడుగుతారేమిటయ్యా! రేవులో వల అల్లేవాళ్ల దగ్గరికి వెళ్లండి. రింగు కింద పన్నెండు కొక్కేలుంటాయి, పన్నెండు ముళ్లు పైన, పొడవు జానెడున్నర పైన, కింద కొంచెం బిగువుగా ఉండాలి, బంతి ఒక్క క్షణం ఆగి జారాలి. నైలాను తాడు వాడమనండి. మా బళ్లో అలా అల్లించింది మూడు వానాకాలాలు ఆగింది. రింగు తుప్పు పట్టి ఊడింది గానీ నెట్టు చెక్కుచెదరలేదు.

*మేడమ్, నేను కొత్తగా పీఈటీగా చేరాను. ఊరు పేరు వెయ్యొద్దు. మా టీములో అందరికన్నా బాగా ఆడే పిల్ల హాస్టల్లో తోటి పిల్లని చెంప మీద కొట్టి, జుట్టు పట్టి గోడకేసి నెట్టింది. వచ్చే వారం జిల్లా ఫైనల్స్. హెడ్మాస్టరు గారు "మ్యాచిలయ్యాక చూద్దాం" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?*

నేనైతే ఏం చేశానో చెప్తానమ్మా. గొప్పగా చెప్పుకునేది కాదు.

చాలా ఏళ్ల కిందటి మాట. జోనల్ ఆటలు, సిమెంటు కోర్టు, ఎండ. మా జట్టులో సెంటర్ ఆడే పిల్ల రీబౌండ్‌కి ఎగిరి దిగుతూ మోచెయ్యి వెనక్కి విసిరింది. ఆటలో తగిలింది కాదు, చూసి కొట్టింది. అవతలి పిల్ల నోరు పట్టుకుని కూర్చుండిపోయింది. రిఫరీ బంతి వైపు చూస్తున్నాడు. నేను సైడు లైను దగ్గరే ఉన్నాను, చూశాను. చూసి, వంగి నీళ్ల బిందె మూత సర్దడం మొదలుపెట్టాను. బిందెకి మూత సరిగ్గానే ఉంది. ఆ ఆట గెలిచాం. కప్పు ఇప్పటికీ హెడ్మిస్ట్రెస్ గది బీరువా మీద ఉంటుంది.

పదిహేనేళ్ల తర్వాత సఖినేటిపల్లి నుంచి నరసాపురం వస్తూ పంటు మీద ఉన్నాను. పక్కన చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ నన్నే చూస్తోంది. "మీరు ఆటల టీచర్ గారు కదండీ" అంది. నవ్వింది. ముందు పన్ను ఒకటి కట్టుడు పన్ను, రంగు తేడా తెలుస్తోంది. "మీరు చూశారండి. నేను మీ వైపే చూశాను అప్పుడు" అంది. కోపంగా కూడా అనలేదు. పంటు అవతలి రేవుకి చేరేసరికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు కదా. నాకు ఆ రోజు గోదారి ఎంత వెడల్పో తెలిసింది.

ఇప్పుడు గ్రైనర్ సంగతికొద్దాం. 2010 మార్చిలో, కాలేజీ మొదటి ఏడాదిలో, టెక్సాస్ టెక్‌తో ఆడుతూ అవతలి అమ్మాయి తనని లాగి తోసిందని ముఖం మీద పిడికిలితో గుద్దింది. ముక్కు ఎముక విరిగింది. నియమం ప్రకారం ఒక ఆట నిషేధం. ఆవిడ కోచ్ తన తరఫున ఇంకొకటి కలిపి రెండు ఆటలు కూర్చోబెట్టింది. ఆ కోచ్ మీద నాకు వేరే కోపాలున్నాయి. ఆ పిల్ల ఆడవాళ్లనే ప్రేమిస్తుందన్న మాట కాలేజీలో ఉన్నన్నాళ్లూ బయటికి రానివ్వొద్దన్నారు. తర్వాత ఆవిడ రష్యా జైల్లో ఉన్నప్పుడు విలేకరులు అడిగితే ఆ కోచ్ నోరు విప్పలేదు. కానీ ఆ రెండో ఆట కూర్చోబెట్టిందే, దానికి మాత్రం నమస్కారం పెడతాను. కూర్చోబెడితే జట్టు మునిగిపోలేదు కూడా, ఆ ఏడాది ఆఖరి నాలుగు జట్లలోకి వెళ్లింది.

మరి ఆ శిక్షతో మారిపోయిందా అంటారేమో. లేదు. 2015 ఏప్రిల్లో, పెళ్లి చేసుకోబోతున్న గ్లోరీ జాన్సన్‌తో ఇంట్లో కొట్లాట. ఆవిడా ప్రొఫెషనల్ ప్లేయరే. పోలీసులు ఇద్దర్నీ అరెస్టు చేశారు. గ్రైనర్ నేరం ఒప్పుకుంది, 26 వారాలు కౌన్సెలింగ్‌కి వెళ్లింది. లీగు ఇద్దరికీ ఏడేసి ఆటలు నిషేధం వేసింది. సీజన్లో ఉన్నవి 34 ఆటలే. కొట్లాటకీ నిషేధానికీ మధ్యలోనే పెళ్లి కూడా చేసుకున్నారు, నెల తిరక్కుండా గ్రైనర్ విడిపోవడానికి కాగితాలు వేసింది. జాన్సన్ అప్పటికి గర్భవతి, కవలలు. ఆ ఏడాది ఆవిడ ఆటే పోయింది.

పాలకొల్లు తల్లిగారూ, మీ బావగారన్న కేసు ఇదే. ఇద్దరూ ఆడవాళ్లే కదా, ఏదో పోట్లాడుకున్నారు అనేవాళ్లున్నారు, అసలు ఇద్దరాడవాళ్లు కలిసుండటమే తప్పు అనేవాళ్లున్నారు. రెండూ ఒకటే, కొట్టిన సంగతి పక్కకి పోతుంది. ఇద్దరాడవాళ్ల కాపురం నాకూ మొదట మింగుడు పడలేదు, అరవై దాటాక అలవాటయింది. 2019లో మన రన్నర్ ద్యుతీ చంద్ తనూ ఒక అమ్మాయినే ప్రేమిస్తున్న సంగతి బయటపెట్టినప్పుడు ఇంట్లోవాళ్లే తిరగబడితే, పరుగు మానకుండా నిలబడింది కదా అనుకున్నాను. కాపురం ఎవరితోనైనా కానివ్వండి, చెయ్యెత్తితే చెయ్యెత్తినట్టే.

టీచరమ్మా, ఇక మీరు. ముందు ఆ దెబ్బ తిన్న పిల్ల దగ్గరికి వెళ్లండి. తల ఎక్కడ తగిలిందో చెయ్యి పెట్టి చూడండి, డాక్టరుకి చూపించండి. వాళ్లింట్లో మీరే చెప్పండి, హాస్టల్ ఆయాతో చెప్పించకండి. రెండో పిల్లని అడగండి, ఎందుకు కొట్టావని. అడిగి ఊరుకోండి, తిట్టకండి, చెప్పేదాకా కూర్చోండి. కొట్టే పిల్లలు చాలామంది ఇంట్లో కొట్టడం చూసినవాళ్లే, నా సర్వీసులో చూశాను.

ఫైనల్స్‌కి ఆ పిల్లని తీసుకెళ్లండి. యూనిఫారం వేయించండి. బెంచీ మీద కూర్చోబెట్టండి, టైమవుట్లో అందరికీ నీళ్లు అందించమనండి, దెబ్బ తిన్న పిల్ల టీములో ఉంటే ఆ పిల్లకీ. ఓడిపోతే హెడ్మాస్టరు గారికి నా పేరు చెప్పండి. నన్నొచ్చి అడగమనండి, ఆయనకి మా ఊరు పంటు టైములు నేనే చెప్తాను.